రెండేకాంతములు: కెనడా వాఙ్మయమున ఫ్రెంచి ఇంగ్లీషుల పొత్తు

కెనడా దేశమున ఫ్రెంచివారికిని ఇంగ్లీషువారికిని నడుమఁ గల యెడమునుగూర్చి యెవరేమి వ్రాయఁబూనినను మొదట వాడెడు మాట యొకటి కలదు. అది "రెండేకాంతములు". పత్రికాధిపతులు, శాసనసభ్యులు, చరిత్రకారులు ఎల్లరును దీనిని వాడుచుందురు. ఇది యొక నవల పేరని వారిలోఁ బెక్కుమంది యెఱుఁగుదురు; నవలకాపేరెచ్చటినుండి వచ్చినదో తలఁచువారు మాత్రము కొలఁది. 1945లో హ్యూ మెక్లెనన్ తన గ్రంథమునకీ పేరు పెట్టునపుడు జర్మను కవి రిల్కే 1904లో వ్రాసిన యొక లేఖనుండి దానిని గ్రహించి, ఆ వాక్యమును గ్రంథారంభమున నుంచెను. రిల్కే చెప్పినది కలహమునుగూర్చి కాదు, ప్రేమనుగూర్చి. ఒకరి యొంటరితనమును ఒకరు మన్నించుచునే చేరువయగుట ప్రేమయని యాతని యాశయము. పొత్తును జెప్పుటకుఁ బుట్టిన మాట పొత్తులేమికిఁ బేరైనది. ఈ తాఱుమాఱు లోకుల యజాగ్రత్తవలననే కలిగినదా, లేక నవలయందే దానికి బీజము కలదా యన్నది విచారింపఁదగిన విషయము.

విచారమునకుఁ జరిత్ర కొంత కావలెను. 1759లో క్విబెక్ పట్టణము చెంత జరిగిన యుద్ధమున ఫ్రెంచివారోడిరి. 1763 నాఁటి పారిసు సంధితో ఆ దేశము ఇంగ్లీషువారి పాలయ్యెను. ఓడిన జనము దేశమును విడువలేదు. తమ మతమును, 1774 నాఁటి శాసనముచేఁ దమ పౌరధర్మమును నిలుపుకొనిరి. 1839లో డర్హాం ప్రభువు తన నివేదికయందు ఈ జనమునకుఁ జరిత్రయు వాఙ్మయమును లేవనియు, వీరిని ఇంగ్లీషువారిలోఁ గలిపివేయుటయే వీరికి మేలనియుఁ దీర్మానించెను. ఫ్రాన్స్వా-జావియే గార్నో 1845 మొదలుకొని ప్రకటించిన కెనడాచరిత్రము ఆ మాటకు బదులని ప్రసిద్ధి. 1867 నాఁటి రాజ్యాంగ శాసనములోని 133వ ప్రకరణము కేంద్రసభలోను, క్విబెక్ సభలోను రెండు భాషలకును తావిచ్చినది. ఆ సభల వెలుపలఁ గథ వేఱు. ఆంటేరియోలో 1912 నాఁటి 17వ నిబంధనము, మానిటోబాలో 1916 నాఁటి చట్టము ఫ్రెంచి చదువును బడులనుండి త్రోసినవి. 1917లో నిర్బంధ సైన్యప్రవేశము క్రొత్త గాయము చేసెను. పిమ్మట 1969లో రెండు భాషలును కేంద్ర ప్రభుత్వమునకు అధికారభాషలైనవి. 1977లో క్విబెక్ రాష్ట్రము ఫ్రెంచి నొక్కదానినే తన యధికారభాషగా నుంచి, అంగడిపలకలకును బడులకును గర్మాగారములకును నియమములు చేసెను. వాఙ్మయవిమర్శకు ఇందుండి కావలసినది స్వల్పము. దుకాణమునందో, ఆస్పత్రియందో ఇరుభాషలవారు ఎదురుపడునపుడు ఎవరు ఎవరి భాషలోనికి దిగుదురనునది అచ్చట మర్యాదకు సంబంధించిన చిన్న విషయము కాదు. రెండువందల యేండ్ల జయాపజయములు ఆ యొక్క క్షణములో మెదలును.

మెక్లెనన్ నవల 1917లో సెంట్ లారెన్సు నదీతీరమునందలి సేంత్-మార్క్ అను ఫ్రెంచి గ్రామమున మొదలగును. అతనాజ్ తలార్ అచ్చటి భూస్వామి, కేంద్రసభ సభ్యుఁడు, గ్రామమునకుఁ గర్మాగారము తెచ్చి, క్రొత్త కాలమును రప్పింపఁగోరినవాఁడు. గ్రామపు మతాచార్యుఁడు పాత కాలమును గాచుకొనువాఁడు. మాంట్రియాల్ వర్తకుఁడు మెక్వీన్ రెంటిలో దేనికిని జెందక, లాభమును మాత్రమెఱిఁగినవాఁడు. వీరి నడుమ నలిగి తలార్ ధనమును గౌరవమును గోలుపోయి మరణించును. ఇంతవఱకు నవల బలముగా నడచినది. పిమ్మటి భాగములు 1934కును 1939కును దూఁకి, తలార్ కుమారుఁడు పోల్, ఇంగ్లీషుపిల్ల హెదర్ మెథుయెన్ వీరి ప్రణయమును వివాహమును దెలుపును. పోల్ తండ్రి ఫ్రెంచివాఁడు, తల్లి ఐరిష్ సంతతిది. రెండుభాషలును వానికిఁ దల్లిభాషలే. జాతుల కలహము వానియందు జన్మముచేతనే తీఱిపోయినది. తీఱిపోయిన కలహమును మఱల తీర్చుటకు రచయిత పెక్కు పుటలు వెచ్చించుట వలన రెండవభాగము చప్పబడినది. పోల్ తన దేశమునుగూర్చి యోజించుచు వ్రాయఁబూనిన నవలనుగూర్చిన ప్రకరణములలో పాత్రము మఱుఁగుపడి వ్యాసకర్త ముందుకు వచ్చును. ప్రణయికుల సంభాషణమంతయు ఇంగ్లీషుననే సాగుచున్నట్లు తోఁచును. ఫ్రెంచివాఁడైన పోల్ తన యిల్లాలిని ఏ భాషలోఁ బిలుచుననునది రచయితకుఁ బట్టినట్లు లేదు.

ఈ గ్రంథమున మఱపురాని పాత్రము మఱియొకటి కలదు. కాప్టన్ యార్డ్లీ నోవాస్కోషియానుండి వచ్చిన ముసలి నావికుఁడు. ఒక కాలు కొయ్యది. ఇంగ్లీషువాఁడడుగిడని యా ఫ్రెంచిగ్రామమున పొలము కొని కాపురముండును. తన భాషను గొప్ప చేయఁడు. వచ్చినంతలో ఫ్రెంచి పలుకుటకు వెనుదీయఁడు. గ్రామస్థులతోఁ గూర్చుండి పిచ్చాపాటి మాటలాడును. జనులాతని బ్రేమింతురు, ఆతఁడు తమవాఁడు కాఁడనియు మఱవరు. రచయిత ఈ పాత్రమును జిత్రించునపుడు ఉపన్యాసము లేదు, సిద్ధాంతము లేదు. ఒక మనుష్యుఁడు పొరుగువారి భాషలోనికిఁ దనంతఁ దాను నడచిపోవుట కలదు. నవల మొత్తము మీఁద రిల్కే మాటకుఁ దగిన ప్రేమ యెచ్చట నున్నదని యడిగినచో హెదర్-పోల్ వివాహమును గాక, యార్డ్లీ పిచ్చాపాటిని జూపవలసియుండును. ఔచిత్యమును బట్టి చూచినను అదియే గ్రంథమునకుఁ బ్రాణము.

ఐనను అందును ఒక లోపము కలదు. యార్డ్లీ మాటలాడిన ఫ్రెంచి పాఠకునకు వినఁబడదు. గ్రామస్థులెల్లరు చక్కని ఇంగ్లీషు పలుకుదురు. అది ఫ్రెంచియని రచయిత నడుమ నడుమ గుర్తుచేయును. ఇంగ్లీషు నవల యిట్లుగాక యెట్లు వ్రాయవచ్చునని యడుగవచ్చును. కాని, ఇచ్చట కథావస్తువే భాష. భాష మాఱిన చోట కలిగెడు తడఁబాటు, సిగ్గు, నవ్వు, ఊఱట ఇవి కనఁబడనిచో కలహము పుస్తకమున నున్నను దాని నాదము లేదు. పలుకు లేక మిగిలినవి రెండు మౌనములు. లోకము ఈ గ్రంథము పేరును రిల్కే యర్థమునఁ గాక వేఱర్థమున గ్రహించుటకు ఈ మౌనమే కొంత కారణమని చెప్పిన అన్యాయము కాదు. ఈ గ్రంథము వెలువడిన సంవత్సరముననే కెనడాలోని ఘనమైన సాహిత్య పురస్కారము నందినది. ఫ్రెంచి యనువాదము రాఁగా పదునెనిమిదేండ్లు పట్టి 1963 వచ్చినది. ఎవరితోఁ బొత్తు కావలెనని గ్రంథము కోరినదో వారి చేతికది యంతకాలము పోలేదు.

అదే 1945లో, అదే మాంట్రియాల్ నగరమునుగూర్చి, ఫ్రెంచిభాషలో గాబ్రియెల్ ర్వా వ్రాసిన తొలి నవల "బొనర్ దొకాజ్యోఁ" వెలువడెను. పేరులో శ్లేష కలదు: ఒకరు వాడి విడిచిన సుఖమనియు, చౌకగాఁ జిక్కిన సుఖమనియు నర్థము. సెంత్-ఆఁరీ యను పేదల పేటలో లకాస్ కుటుంబము కలదు. తండ్రి అజారియుస్ పనిలేని వడ్రంగి. తల్లి రోజ్-అన్నా ఏటేట బిడ్డలను గనుచు, ఏటేట ఇల్లు మాఱుచు నుండును. పెద్దకూఁతురు ఫ్లొరాంతీన్ చౌకవస్తువుల యంగడిలోని భోజనపుబల్ల యొద్దఁ బరిచారిక. పేటకు ఎగువను కొండమీఁద వెస్టుమౌంటు కలదు. అచ్చట ధనవంతులైన యింగ్లీషువారి మేడలు. రెండవ ప్రపంచయుద్ధము వచ్చి ఈ కుటుంబమును గాపాడును. కుమారుఁడును పిమ్మటఁ దండ్రియుఁ గూడ సైన్యమునఁ జేరి జీతము తెత్తురు! ఇంత కఠినమైన వ్యంగ్యమును రచయిత్రి యెచ్చటను వ్యాఖ్యానింపదు.

ఈ నవలలో ఇంగ్లీషువారు మిక్కిలి తక్కువగా వత్తురు. వచ్చినవారిలో జెన్నీ యను నర్సు ముఖ్యురాలు. కడపటి బిడ్డలలో నొకఁడగు డానియెల్ నెత్తురు వ్యాధిచే కొండమీఁది పిల్లల యాస్పత్రిలోఁ జేర్పఁబడును. జెన్నీకి ఫ్రెంచి రాదు. డానియెల్‌కు ఇంగ్లీషు రాదు. ఆమె వానిని లాలించును. వాఁడామె కొఱకు ఎదురుచూచును. ఇంటనెన్నఁడు నెఱుఁగని మెత్తని పఱుపు, ఆటవస్తువులు, ఒక్కనికొఱకే తీఱిక గల యొక మనుష్యురాలు వానికిప్పుడు దొరకినవి. రోజ్-అన్నా బిడ్డను జూడవచ్చి, ఆ నర్సు ఇంగ్లీషు తప్ప మాటలాడదని తెలిసికొని నిలువునఁ గ్రుంగును. బిడ్డకేమి రోగమో నోరార అడుగలేదు. కృతజ్ఞత తెలుపవలెను, దానికిని మాటలు లేవు. తనకుఁ జేతఁగాని మేలును పరభాషవారు చేయుచుండఁగా తల్లిమనసు సంతోషింపనును లేదు, నిందింపనును లేదు. జెన్నీయందు దోషము లేదు. ఆమె మంచితనము నిర్వ్యాజము. రచయిత్రి దానినొక్క పిసరు తగ్గించి చెప్పలేదు. తగ్గించియున్నచో ఇది వట్టి దూషణమైయుండెడిది. మంచితనము పూర్ణముగానుండుట వలననే తల్లి దైన్యము పూర్ణమైనది. కరుణరసమున కింతకంటె సూక్ష్మమైన విభావమును ఆనాఁటి కెనడా వాఙ్మయమున వెదకుట కష్టము. పక్షపాతి యగు రచయిత జెన్నీని గర్వితురాలిని జేసియుండును. శాంతికాముఁ డగు రచయిత తల్లిచే నామెను గౌఁగిలింపించియుండును. ర్వా రెండును జేయలేదు.

భాష విషయమునను ఆమె జాగరూకురాలు. కథనము చదువుకొన్న ఫ్రెంచి. సంభాషణము పేటలోని ఫ్రెంచి. యజమానిని, పనిని, కార్ఖానాను జెప్పుటకు ఆ కూలివారి నోట ఇంగ్లీషు మాటలు దొరలును. ఏలన, యజమానియు కార్ఖానాయు ఇంగ్లీషువారివి. గ్రాంథిక వ్యావహారిక వాదము నెఱిఁగిన తెలుఁగు పాఠకునకు ఈ రెండంతస్తుల రచన క్రొత్త కాదు. గురజాడవారి కన్యాశుల్కమున గిరీశము నోటను ఇంగ్లీషు దొరలును గదా యని తలఁపునకు రావచ్చును. భేదము గమనింపఁదగినది: గిరీశమునకు ఇంగ్లీషు వేషము, ఎదుటివానిని భ్రమింపఁజేయుటకు దానిని దాల్చును, విప్పును. సెంత్-ఆఁరీ కూలివానికది పనిబట్ట వంటిది. దానిని దాల్చినందుకు వానినెవ్వరును గొప్పవాఁడనరు. దాల్పకున్నఁ గూలి దొరకదు.

ఈ నవలకు 1947లో హన్నా జోసెఫ్సన్ అను అమెరికా రచయిత్రి ఇంగ్లీషు అనువాదము చేసెను. డానియెల్ కోరుకొన్న ఱేకు పిల్లనగ్రోవిని బట్టి దానికి "ది టిన్ ఫ్లూట్" అని పేరిడిరి. అనువాదము పేరుగాంచినది, ఆ యేటనే ఫ్రాన్సున మూలమునకు ఫెమినా బహుమతి లభించెను. అనువాదములో ఒక ప్రమాదము మాత్రము ప్రసిద్ధికెక్కినది. "పూద్రరీ" యను మాటకు ఫ్రాన్సున తుపాకిమందు కార్ఖానాయని యర్థము. కెనడాలో గాలికి లేచి పొడివలె ఎగయు మంచు. ర్వా మంచుతుపాను వ్రాయఁగా అనువాదములో మందు కార్ఖానా ప్రేలినది! నిఘంటువు సాయమున ఫ్రెంచి నేర్వవచ్చును గాని మాంట్రియాల్ చలికాలమును నేర్వరాదు. 1980లో అలన్ బ్రౌన్ క్రొత్త యనువాదము చేసెను.

ర్వా మాంట్రియాల్ వనిత కాదు. 1909లో మానిటోబాయందలి సేంత్-బోనిఫాస్‌లోఁ బుట్టినది; ఫ్రెంచి చదువును దాఁచుకొని చదువవలసిన బడులలోఁ బెరిగినది. 1983లో ఆమె మరణించిన పిమ్మట, 1984లో వెలువడిన ఆత్మకథ బాల్యమునందలి అంగడి ప్రయాణములతో మొదలగును. తల్లియుఁ గూఁతురును వంతెన దాఁటి, ఇంగ్లీషువారి విన్నిపెగ్ నగరములోని ఈటన్ దుకాణమునకు పోవుదురు. వంతెన దాఁటినంతనే వారు పరదేశులు. తల్లికి ధైర్యముగా నున్ననాఁడు ఫ్రెంచి తెలిసిన గుమాస్తాను బిలిపింపుఁడని యడుగును. అలసిననాఁడు తనకువచ్చిన కుంటి యింగ్లీషునే వెలికిఁ దీయును. మాటలు వినఁబడి జనులు వెనుదిరిగి చూచినపుడు గొంతు తగ్గును. దుకాణమువారు క్రూరులని రచయిత్రి వ్రాయలేదు. ఫ్రెంచి తెలిసినవానిని వెదకి పిలుచుటయుఁ గలదు. ఆ పిలుపునకై వేచియుండు నిమిషములో ఒక బాలిక తన జాతి తక్కువదని మొదటిసారి గ్రహించును. సాధారణ సౌజన్యమునకు భాష యొకటి కలదనియు, ఆ భాష యెవరిదో వారు సౌజన్యమునకు వెల చెల్లింపరనియు నవలలో జెన్నీ ఘట్టము సూచించినది. ఇచ్చట నదియే నిరాడంబరముగాఁ జెప్పఁబడినది.

ఈ వెల చెల్లింపమని యెదురుతిరిగిన రచనలు 1960 తరువాత వచ్చినవి. నలుగురిలో ఫ్రెంచి మాటలాడువారిని "స్పీక్ వైట్", అనఁగా తెల్లవారి మాట మాటలాడుమని యింగ్లీషువారు గద్దించుట కలదు. ఆ తిట్టునే పేరుగాఁ బెట్టి మిషెల్ లలోఁద్ 1968లో ఒక కావ్యము వ్రాసి, 1970 మార్చి 27 నాఁటి కవితారాత్రమున మాంట్రియాల్ సభలోఁ జదివినది. 1968లోనే మిషెల్ త్రాంబ్లే పేటభాషలో వ్రాసిన "లె బెల్-సర్" నాటకము ప్రదర్శింపఁబడి దుమారము లేపెను. ఈ రచనలకు బలమున్నది. కాని వీనిలో ఇంగ్లీషువాఁడు మనుష్యుఁడుగాఁ గాక ఒక గొంతుకగా, ఒక సంస్థగా మాత్రమే యుండును, లేదా రంగమునకే రాఁడు. కోపమునకు అదియే తగు రీతి కావచ్చును. పొరుగుతనమును వ్రాయుటకు అది చాలదు.

చాలిన రచన పసిపిల్లల కథవలెఁ గనఁబడు చిన్నకథ. రోక్ కారియే 1979లో ప్రకటించిన సంపుటిలో మంచుమైదానపు హాకీ ఆటనుగూర్చిన కథ యొకటి కలదు. అదే యేట షీలా ఫిష్‌మన్ చేసిన యింగ్లీషు అనువాదములో దానికి "ది హాకీ స్వెటర్" అని పేరు. కాలము 1946 చలికాలము. స్థలము రచయిత స్వగ్రామమగు సేంత్-జ్యుస్తీన్. ఊరి బాలురెల్లరు మాంట్రియాల్ కనేడియన్ల ఆటకాఁడు మోరిస్ రిషార్ భక్తులు. అందఱు ఆతని తొమ్మిదవ యంకె గల యెఱ్ఱ యంగీనే తొడుగుదురు. ఒక బాలుని యంగీ చినుఁగును. తల్లి ఈటన్ దుకాణపు పట్టికనుండి క్రొత్తది తెప్పింపఁదలఁచును. పట్టికతో వచ్చిన ఫారములు ఇంగ్లీషున నున్నవి. అవి యామెకుఁ దెలియవు. చక్కని కాగితము తీసికొని, బడిపంతులమ్మవలె ముద్దైన దస్తూరితో, ఈటన్‌గారికే స్వయముగా ఫ్రెంచిలో జాబు వ్రాయును. మూఁడు డాలర్లు జతపఱచును. వచ్చినది ఎఱ్ఱ యంగీ కాదు. టొరాంటోవారి నీలపు యంగీ, ఱొమ్మున మేపుల్ ఆకు.

బాలుఁడేడ్చును. తల్లి త్రిప్పి పంపదు. ఏల? ఈటన్‌గారు ఇంగ్లీషువారు, వారికిఁ దమ టొరాంటో జట్టనిన ఇష్టము, త్రిప్పి పంపినచో వారి మనసు నొచ్చును, నొచ్చినవారు త్వరగా బదులు వ్రాయుదురా? అంతలో వసంతము వచ్చి ఆటకాలము గడచిపోవును. ఇది యామె తర్కము. ఈ తర్కమునందున్న హాస్యమును విప్పి చూపుట సులభము కాదు. ఎన్నఁడు చూడని కోటీశ్వరుని ఆమె పొరుగింటి పెద్దమనిషిగా భావించినది. ఆ పొరుగాయన మనసు నొప్పింపరాదన్నది. అది దాక్షిణ్యము. ఆ దాక్షిణ్యమునకు వెల చెల్లించువాఁడు మాత్రము కుఱ్ఱవాఁడు! నీలపు యంగీతో ఆటకు దిగఁగా వానికిఁ జోటీయరు. కోపమున కఱ్ఱ విఱుగఁగొట్టఁగా మతగురువు గుడికిఁ బోయి క్షమింపుమని దేవుని వేఁడుకొనుమనును. వాఁడు గుడిలో మోఁకరిల్లి, ఈ యంగీని దినివేయుటకు చిమ్మటలను బంపుమని ప్రార్థించును. కథ యంతయు ఇదియే. ఇంగ్లీషువాఁ డొక్కఁడును రంగమునకు రాఁడు. ఐనను లలోఁద్ కావ్యములోని గొంతుకవంటివాఁడు కాఁడు. తల్లి యూహలో ఈటన్‌గారికి ఇష్టాయిష్టములు కలవు, నొచ్చుకొను మనసు కలదు.

కారియే ఈ కథను క్విబెక్ కోరునదేమన్న ప్రశ్నకు ఇంగ్లీషు రేడియోవారు బదులడుగఁగా వ్రాసెను. స్వాతంత్ర్యము కావలెనా వద్దాయని ఆ రాష్ట్రము 1980లో ఒకసారి, 1995లో మఱల ఒకసారి జనవాక్యము గోరినది. రెండవమాఱు వద్దన్నవారు నూటికి 50.58 పాళ్లు. అట్టి రోజులలో ఈ ప్రశ్నకు ఆతఁడు సిద్ధాంతముతో బదులు చెప్పలేదు. ఇంగ్లీషుదేశమున పిల్లలెల్లరు ఈ కథను జదువుదురు. షెల్డన్ కోహెన్ 1980లో దీనిని బొమ్మల చిత్రముగాఁ దీసెను. 2002లో వెలువడిన అయిదు డాలర్ల నోటుపై ఇందలి మొదటి మాటలు రెండు భాషలలోను అచ్చయినవి. ఇంతటి యాదరమునకు ఒక యపాయమును గలదు. ఇది చిన్ననాఁటి ముచ్చటయని నవ్వుకొని ప్రక్కనుంచుట సులభము. ఇంగ్లీషు ఫారము తెలియని తల్లి ఈ కథకు ఇరుసు. ఆమెను విడిచినచో మిగులునది ఆటల పిచ్చి మాత్రము. 2013లో వచ్చిన క్రొత్త నోటుపై ఆ మాటలు లేవు.

ఈటన్ పట్టిక 1976లో నిలిచిపోయినది. 1999లో దుకాణమే దివాలాతీసినది. అంతకు ముందే క్విబెక్ భాషానియమములకు లోఁబడి మాంట్రియాల్‌లోని ఆ దుకాణపు పలకపై ఇంగ్లీషు షష్ఠీవిభక్తి చిహ్నము రాలిపోయి, ఈటన్ అన్న పేరొక్కటే మిగిలినది. నేఁడు మాంట్రియాల్ నడిబొడ్డున దుకాణములోనికి పోయినవానిని గుమాస్తా "బోఁజూర్, హాయ్" అని రెండుభాషల నొక్క యూపిరిలోఁ బలుకరించును. ఏ భాషలో బదులు వచ్చిన ఆ భాషలో బేరము సాగును. ర్వా తల్లి వేచిన నిమిషము ఇచ్చట లేదు. ఈ పలుకరింపును మాని బోఁజూర్ అని మాత్రమే యనుమని దుకాణదారులను గోరుచు 2017 నవంబరులో క్విబెక్ శాసనసభ ఏకగ్రీవముగాఁ దీర్మానించెను. దీనిని విని నవ్వినవారు కలరు. ర్వా ఆత్మకథ చదివినవాఁడు తొందరపడి నవ్వఁడు. గుమాస్తా సౌజన్యమును దోషమనఁడు. వంద సంవత్సరములు ఒక పక్షమే మాట మార్చుకొనుచు వచ్చినపుడు, ఇరుపక్షముల సౌలభ్యమునకై వచ్చిన మాటలోను మఱల ఆ మొదటి పక్షమునకు భయము కనఁబడుట విపరీతము కాదు.

యార్డ్లీవలె ఇంగ్లీషుపక్షమునుండి వంతెన దాఁటినవారు వాఙ్మయమున లేకపోలేదు. ఎఫ్. ఆర్. స్కాట్ మాంట్రియాల్‌లోని మెక్గిల్ విశ్వవిద్యాలయమున ధర్మశాస్త్రాచార్యుఁడు, కవి. 1963లో నియమింపఁబడిన ద్విభాషా సంఘమున సభ్యుఁడు. ఆతఁడు క్విబెక్ ఫ్రెంచికవులను ఇంగ్లీషుచేయుటకు ఏండ్లు వెచ్చించెను. ఆతఁడే 1974లో ఫ్రెంచిని క్విబెక్ అధికారభాషగాఁ జేసిన చట్టమును ఎదిరించెను. కవిత్వమునందలి ప్రేమ రాజకీయమున నట్లే ఫలింపవలెనని యెవరును నియమింపలేరు. ఆతఁడు ఆన్ ఎబెర్ రచించిన "ల తోఁబో దె ర్వా" కావ్యమును అనువదించి ఆమెకుఁ బంపెను. ఆమె పంక్తి పంక్తి చూచి, ఇచ్చట నా మాట యిది కాదు, ఇచ్చట భావము చెదరినదని బదులు వ్రాసెను. ఆతఁడు దిద్దెను.

తెలుఁగు వాఙ్మయము భారతానువాదముతో మొదలైనదని గర్వించువారికి ఇందుఁ జూడఁదగిన దొకటి కలదు. నన్నయ మూలకర్తను సంప్రదింపవలసిన పని లేదు. వ్యాసుఁడు బదులు వ్రాయఁడు. ఇచ్చట మూలకర్త్రి సజీవురాలు, అదే దేశమునఁ బుట్టినది, ఇంగ్లీషు నెఱిఁగినది. ఇంగ్లీషుకవి తన భాషలోఁ దాను చేసిన తప్పును ఫ్రెంచివనితచే దిద్దించుకొనుచున్నాఁడు. ఈటన్ దుకాణమున గొంతు తగ్గించుకొన్నవారి భాష ఇచ్చటఁ బ్రమాణము, తడఁబడువాఁడు రెండవవాఁడు. ఆ తడఁబాటునకు సిగ్గుపడక ఆతఁడు తన మొదటి యనువాదమును, ఆమె యాక్షేపములను, తన దిద్దుబాటును గలిపి అచ్చువేయుటకు ఒప్పుకొనెను. 1970లో మాంట్రియాల్‌లోని ఫ్రెంచి ప్రచురణసంస్థ దానిని అనువాదమునుగూర్చిన సంభాషణమని ఫ్రెంచి పేరుతోనే ప్రకటించినది. ముందుమాట వ్రాసినవాఁడు, క్విబెక్ రాష్ట్రముననే షెర్‌బ్రూక్ పట్టణమునఁ బుట్టిన ఇంగ్లీషు విమర్శకుఁడు నార్త్రప్ ఫ్రై.